వ్యర్థపు గుట్టలలో నీటి నడక

నల్లమల అడవిలో, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పీఠభూమి కలదు. చెంచులు తరతరములుగా ఇచట నివసించుచున్నారు. ఇచట కురిసిన వాన వాగులై కృష్ణానదిని చేరును. 2019లో ఈ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర ప్రభుత్వపు అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించెను. నీరు చెడునని ప్రజలు భయపడిరి. ఆ ఏటి సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను.

ఖనిజము తీసిన పిదప మిగులు వ్యర్థపు గుట్టపై పడిన వాన ఏమగును? ఈ ప్రశ్నకు జవాబు పలువురి కృషి వలన క్రమముగా లభించినది.

1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ఇసుక నింపిన గొట్టముల గుండ నీటిని పంపి, నీటిమట్టముల భేదము హెచ్చినకొలది ప్రవాహము హెచ్చునని, ఇసుక పొర మందము పెరిగినకొలది తగ్గునని ప్రకటించెను. అయితే అతని ఇసుక పూర్తిగా తడిసినది. గుట్టలోని సందులలో నీటితోపాటు గాలియు నుండును. 1907లో అమెరికను శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ బకింగ్‌హామ్ అట్టి నేలలో కేశాకర్షణము కూడ నీటిని నడుపునని, తేమ తగ్గినకొలది నీటి నడక మందగించునని వివరించెను. 1931లో రిచర్డ్స్ ఈ భావమును సమీకరణముగా మలచెను.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. అడుగున చిల్లి గల రెండు కుండలలో ఒకదానిని గులకరాళ్లతో, రెండవదానిని సన్నని మన్నుతో నింపి నీరు పోయవలెను. మొదటి కుండలో నీరు వెంటనే కారిపోవును. రెండవది చాల దినములు తడిగానే యుండును. గని నుండి తీసిన రాళ్ల గుట్ట మొదటి కుండ వంటిది. మరలో నూరిన ఖనిజపు పొడి రెండవదాని వంటిది.

గుట్టలో చేరిన నీరు ప్రాణములను కూడ తీయగలదు. వేల్స్ దేశపు అబెర్‌ఫాన్ గ్రామములో బొగ్గుగని వ్యర్థమును ఊటలపై పోసిరి. 1966 అక్టోబరు 21న ఆ గుట్ట జారి బడిపై పడెను. మరణించిన 144 మందిలో 116 మంది పిల్లలే.

తెలుగునాట కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో యురేనియం శుద్ధి ఆరంభమైనది. అచటి ఖనిజము టన్నుకు యురేనియం సుమారు అర కిలో మాత్రమే, తక్కినదంతయు వ్యర్థమే. యురేనియం తీసినను రేడియం అందే మిగులును. దాని అర్ధాయువు సుమారు 1600 సంవత్సరములు. కనుక అట్టి వ్యర్థమునకు అడుగున నీరు దిగని పొర, పైన కప్పు, చుట్టును పరీక్షా బావులు ఉండవలెను. గని మూతపడినను కాపలా మానరాదు.

అబెర్‌ఫాన్‌లో నీటి మార్గమును శోధించినది గుట్ట జారిన తరువాతనే. అమ్రాబాద్‌లో ఆ ప్రశ్న తవ్వకమునకు ముందే పుట్టినది.