ఒకే బలిపీఠం, రెండు నడవలు

చర్చిల చరిత్ర రాసేవాళ్ళు గోపురం ఎత్తు రాస్తారు, కట్టించిన ఫాదరు పేరు రాస్తారు. లోపల ఎవరు ఎక్కడ మోకరించారో మాత్రం రాయరు. తమిళనాడు తిరునెల్వేలి జిల్లా వడక్కన్‌కుళంలో ఆ సంగతి దాచడం కుదరదు. అక్కడ కులం కట్టడంలోనే ఉంది.

జెస్యూట్ల హయాంలో, 1872లో, పవిత్ర కుటుంబం పేరుతో లేచిన విచారణ చర్చి అది. బలిపీఠం ఒక్కటే. దాని దగ్గర్నుంచి రెండు నడవలు ప్యాంటు కాళ్ళలాగా విడిపోతాయి. ఒకదాంట్లో వెల్లాలర్లు, రెండోదాంట్లో నాడార్లు (అప్పటివాళ్ళు శాణార్లనేవాళ్ళు, తాటిచెట్లెక్కే కులం). పూజ చేసే ఫాదరుకు ఇద్దరూ కనపడతారు, వీళ్ళకు వాళ్ళు కనపడరు. చూపుకు కూడా మైల తగలకుండా ప్లాను గీశారన్నమాట!

ఈ ప్లాను ఊరికే ఊడిపడలేదు. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు. ఆ తర్వాత పై కులాలకు ఒక రకం గురువులు, కింది కులాలకు ఇంకో రకం గురువులు వచ్చారు. 1744లో పరయ్యలకు వేరే గురువుల ఏర్పాటును పోపు 14వ బెనెడిక్టు కూడా ఒప్పుకున్నాడు. గురువుల్నే విడదీసినవాళ్ళకు నడవల్ని విడదీయడం ఎంత పని?

1910లో అడ్డుగోడ కూల్చారు. వెల్లాలర్లు తిరుచ్చి బిషప్పు బార్తె మీద కోర్టుకెక్కి, మద్రాసు హైకోర్టులో ఓడిపోయారు. అంతకు రెండేళ్ళ ముందే, 1908లో, కముది గుళ్ళోకి నాడార్లు పోగూడదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. గుడి దగ్గర ఓడిన కులం చర్చిలో గెలిచింది. దీన్ని క్రీస్తు బోధ గెలుపంటే మేం ఒప్పుకోం. అప్పటికి నాడార్లు వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. నాడార్ మహాజన సంఘం పుట్టింది కూడా 1910లోనే.

మరి ఆ బలం లేని పరయ్యలు, పళ్ళర్లు? అప్పటి విళుపురం జిల్లా ఎరయూరులో దళిత క్రైస్తవులు తమకు వేరే విచారణ కావాలన్నారు. 2008 మార్చిలో వన్నియ క్రైస్తవులు వాళ్ళ మీద పడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఇక్కడ వేరు కావాలన్నది దళితులే. పక్కన కూచోనివ్వనివాళ్ళ నుంచి విడిపోతామనడం, 1872 నాటి వేరు రెండూ ఒకటేనా?

నీలకంఠ పిళ్ళై 1745లో జ్ఞానస్నానం పొంది దేవసహాయం అయింది వడక్కన్‌కుళంలోనే. 2022 మే 15న రోము ఆయన్ను పునీతుడిగా ప్రకటించినప్పుడు పేరులో ‘పిళ్ళై’ లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ, పరయ్య ఎవరైనా దాని లెక్కలో షెడ్యూల్డు కులం కాదు.