చెస్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు? ఫిషర్, కాస్పరోవ్, కార్ల్‌సన్ ఫ్యాన్స్ గొడవ ఎందుకు తెగట్లేదంటే..

2025 జూన్ 1న నార్వేలోని స్టావంగర్‌లో గుకేశ్ చేతిలో ఓడిపోగానే మాగ్నస్ కార్ల్‌సన్ పిడికిలితో టేబుల్‌ను గుద్దిన వీడియో గుర్తుందా? చెస్ అంటే తెలియనివాళ్ల ఫోన్లలోకి కూడా ఆ క్లిప్ వెళ్లిపోయింది. వరల్డ్ ఛాంపియన్ గుకేశ్. వరల్డ్ నంబర్ వన్ కార్ల్‌సన్. ఆ గేమ్ గెలిచింది గుకేశ్, చివరికి టోర్నీ గెలిచింది కార్ల్‌సన్. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఒకరు అడగడమే ఆలస్యం.. ఫిషర్ ఫ్యాన్స్, కాస్పరోవ్ ఫ్యాన్స్ కూడా రంగంలోకి దిగిపోతారు. ఈ వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. కారణం సింపుల్. ఒక్కొక్కరు ఒక్కో కొలతతో కొలుస్తున్నారు. కొలత మారితే విన్నర్ మారిపోతాడు.

రేటింగ్ చూస్తే సరిపోదా?

చాలామంది ముందు పట్టుకునేది రేటింగే. ఆ లెక్కన కార్ల్‌సన్‌కు తిరుగులేదు. 2014 మేలో అతడి రేటింగ్ 2882. ఇప్పటిదాకా ఫిడే జాబితాలో ఇంతకన్నా ఎక్కువ ఎవరికీ రాలేదు. కాస్పరోవ్ గరిష్ఠ రేటింగ్ 2851, ఫిషర్‌ది 2785.

ఇక్కడే ఓ చిక్కుంది. మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో ఇండియన్ అతడే. అంటే ఫిషర్ కన్నా 16 పాయింట్లు ఎక్కువ. అలాగని అర్జున్ ఫిషర్ కన్నా గొప్ప ఆటగాడు అంటే, అర్జున్ అభిమానులే ఒప్పుకోరు.

ఎందుకంటే ఎలో రేటింగ్ అనేది బంగారం తూచే కాటా లాంటిది కాదు. ఆ టైమ్‌లో తనతో ఆడుతున్నవాళ్ల కన్నా ఎంత ముందున్నాడో చెప్పే లెక్క అది. ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉంటే, 100 గేమ్‌లు ఆడితే పైవాడికి సుమారు 64 పాయింట్లు వస్తాయని అంచనా. అంతవరకే. ఫిడే దీన్ని 1970లో తీసుకుంది. 1972 నాటి అంకెను 2024 నాటి అంకె పక్కన పెట్టి పోల్చడమంటే, 1970ల్లో సినిమా టికెట్ రేటు చూసి ఇప్పటి కలెక్షన్లతో పోల్చినట్టే.

మరి తేడానే చూస్తే? అప్పుడు ఫిషర్ లేచి కూర్చుంటాడు.

ఫిషర్: రెండేళ్ల తుఫాను

1971లో వరల్డ్ టైటిల్‌కు దారితీసే మ్యాచ్‌ల్లో బాబీ ఫిషర్ చేసింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మార్క్ తైమనోవ్‌పై 6-0. బెంట్ లార్సెన్‌పై 6-0. ఆ స్థాయిలో ఒక్క డ్రా కూడా ఇవ్వకుండా గెలవడం అసలు జరిగే పని కాదు. దానికి ముందు టోర్నీలో చివరి 7 గెలుపులు, తర్వాత పెట్రోసియన్‌తో మొదటి గేమ్ కలిపితే వరసగా 20 విజయాలు. వీటిలో ఒకదాంట్లో ప్రత్యర్థి పన్నో నిరసనగా తొలి ఎత్తుకే రిజైన్ చేశాడు కాబట్టి, పట్టింపు ఉన్నవాళ్లు 19 అంటారు. అయినా తగ్గేదేముంది!

1972 జులైలో ఫిషర్ రేటింగ్ 2785. రెండో స్థానంలో ఉన్న స్పాస్కీది 2660. తేడా 125 పాయింట్లు. రేక్యవిక్‌లో తొలి గేమ్ ఓడి, రెండో గేమ్‌కు అసలు రాకుండా పోయి కూడా ఫిషర్ స్పాస్కీని 12.5-8.5తో ఓడించాడు. ఆ తర్వాత? ఏమీ లేదు. 1975లో షరతులు కుదరక కార్పోవ్‌తో ఆడలేదు, టైటిల్ పోయింది. 1992లో స్పాస్కీతో మళ్లీ ఆడిన మ్యాచ్ తప్ప, మిగతాదంతా ఖాళీ. ఛాంపియన్‌గా ఒక్కసారి కూడా టైటిల్ కాపాడుకోని వ్యక్తిని ఆల్‌టైమ్ గ్రేట్ అనొచ్చా అనే ప్రశ్నకు అతడి ఫ్యాన్స్ దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు.

కాస్పరోవ్‌కు బలం కార్పోవే

కాస్పరోవ్ పక్షాన నిలిచేది కాలం. 22 ఏళ్లకే ఛాంపియన్, 1985 నుంచి 2000 దాకా టైటిల్. 1984 నుంచి 2005లో రిటైర్ అయ్యేదాకా మధ్యలో చిన్న విరామాలు తప్ప నంబర్ వన్ అతడే. కానీ అసలు పాయింట్ వేరే ఉంది. అతడు ఎవరిని దాటి ఇదంతా సాధించాడన్నది.

1984 సెప్టెంబర్‌లో మాస్కోలో మొదలైన మ్యాచ్‌లో ముందుగా 6 గేమ్‌లు గెలిచినవాడే విజేత. 27 గేమ్‌లు అయ్యేసరికి కార్పోవ్ 5-0తో ముందున్నాడు. ఇంకొక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటీ రాలేదు. డ్రా మీద డ్రా. 47, 48వ గేమ్‌లు వరసగా కాస్పరోవ్ గెలిచి 5-3 చేశాడు. అప్పుడు ఫిడే ప్రెసిడెంట్ కాంపొమానెస్ ఫలితం తేలకుండానే మ్యాచ్ ఆపేశారు. 5 నెలల ఆట, 40 డ్రాలు, విజేత లేడు. ఆ నిర్ణయం ఎవరిని కాపాడిందని ఇప్పటికీ కొట్టుకుంటారు.

1987లో సెవిల్లేలో చివరిదైన 24వ గేమ్ గెలిస్తేనే కాస్పరోవ్ టైటిల్ నిలుస్తుంది. గెలిచాడు. 12-12తో కిరీటం దక్కింది. 1984 నుంచి 1990 దాకా ఐదు టైటిల్ మ్యాచ్‌ల్లో వీళ్లిద్దరూ ఆడినవి 144 గేమ్‌లు. కాస్పరోవ్ గెలిచినవి 21, కార్పోవ్ గెలిచినవి 19, మిగతా 104 డ్రాలు. తేడా రెండంటే రెండే! కాస్పరోవ్ లేకపోతే ఈ రోజు గొడవలో మొదటి పేరు కార్పోవ్‌దే అయ్యేది. అలాంటి ప్రత్యర్థిని అన్నేళ్లు కాచుకోవడమే కాస్పరోవ్‌ను మిగతావాళ్ల కన్నా ఓ మెట్టు పైన పెడుతుంది. మచ్చ లేదని కాదు. 2000లో లండన్‌లో క్రామ్నిక్‌పై ఒక్క గేమ్ కూడా గెలవలేక టైటిల్ పోగొట్టుకున్నాడు.

కార్ల్‌సన్ మాటేంటి?

2011 జులై నుంచి నంబర్ వన్ స్థానం వదల్లేదు. 2018-20 మధ్య క్లాసికల్‌లో 125 గేమ్‌లు ఓటమి లేకుండా ఆడాడు. అందరి చేతిలో కంప్యూటర్ ఉన్న కాలంలో, అందరూ ఇంటి దగ్గరే ఓపెనింగ్‌లు బట్టీపట్టి వచ్చే కాలంలో ఇది చేయడం మామూలు విషయం కాదు. ఇదే కాలం అతడికి ఇబ్బంది కూడా. 2018లో కరువానాతో టైటిల్ మ్యాచ్‌లో 12 గేమ్‌లూ డ్రానే, ర్యాపిడ్ టైబ్రేక్‌లో తేలింది. చివరికి ఆసక్తి లేదంటూ టైటిల్‌నే వదిలేశాడు. కార్పోవ్ లాంటి ప్రత్యర్థి కార్ల్‌సన్‌కు దొరకలేదు. అది అతడి తప్పు కాదు, కానీ పోలికలో లోటుగా కనిపిస్తుంది.

కంప్యూటర్‌నే అడిగితే?

అదీ అయింది. 2006లో స్లొవేనియా పరిశోధకులు గిడ్, బ్రాట్కో ఛాంపియన్ల ఎత్తులను క్రాఫ్టీ అనే ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే అతి తక్కువ తప్పులు చేసినవాడిగా తేలింది క్యూబా ఆటగాడు కాపాబ్లాంకా! 1916 నుంచి 1924 దాకా ఒక్క గేమ్ ఓడని మనిషి. కానీ క్రాఫ్టీ అంత బలమైన ప్రోగ్రామ్ కాదని విమర్శలు వచ్చాయి. కాపాబ్లాంకాది చిక్కుముళ్లు లేని ఆట కాబట్టి తప్పులూ తక్కువే అన్నది మరో వాదన.

ఆనంద్‌ను ఎక్కడ పెట్టాలి?

మన దగ్గర ఈ గొడవ ఆనంద్ దగ్గరకు రాకుండా ఆగదు. 1995లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో కాస్పరోవ్‌తో మొదటి 8 గేమ్‌లూ డ్రా. తొమ్మిదోది ఆనంద్ గెలిచాడు. తర్వాత ఐదింటిలో నాలుగు ఓడి మ్యాచ్ చేజార్చుకున్నాడు. 2013లో సొంతూరు చెన్నైలోనే కార్ల్‌సన్ చేతిలో ఓడాడు. పైన చెప్పిన ఇద్దరి చేతిలోనూ ఓడాడు కాబట్టి మొదటి మూడులో కష్టమే. కానీ నాకౌట్, టోర్నమెంట్, మ్యాచ్.. ఈ మూడు పద్ధతుల్లోనూ వరల్డ్ టైటిల్ గెలిచిన తొలి ఆటగాడు ఆనంద్. కాస్పరోవ్‌ను దించేసిన క్రామ్నిక్‌ను 2008లో బాన్‌లో 6.5-4.5తో ఓడించిందీ ఆనందే. 1988లో అతడు గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి దేశంలో ఇంకొక గ్రాండ్‌మాస్టర్ లేడు.