దండన తీవ్రత, దండన నిశ్చయత: లండన్ నగర నేరాలు, న్యాయవ్యవస్థ, సంఘము (1750–1837)

1810 మే 30న ఇంగ్లండు ప్రభువుల సభలో ఒక చిన్న బిల్లు ఓటింగుకు వచ్చింది. దుకాణంలో ఐదు షిల్లింగుల విలువగల సరుకును రహస్యంగా దొంగిలించిన వారికి ఉరిశిక్ష విధించే 1699 నాటి చట్టాన్ని రద్దు చేయాలన్నది దాని సారాంశం. కామన్స్ సభ అప్పటికే దానిని ఆమోదించింది. ప్రభువుల సభలో 11 మంది అనుకూలంగా, 31 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా బిల్లు వీగిపోయింది. ఆ 31 మందిలో ఏడుగురు బిషప్పులు. వారిలో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఒకరు. బిల్లు ప్రతిపాదించిన సర్ శామ్యూల్ రోమిలీ తన జ్ఞాపకాలలో ఈ సంగతిని వ్రాసిపెట్టారు.

ఆ కాలపు సంఘ చరిత్ర అనగానే మనకు వెస్లీ ఉజ్జీవము, విల్బర్‌ఫోర్స్ బానిసత్వ వ్యతిరేక పోరాటము జ్ఞాపకం వస్తాయి. ఈ ఏడు ఓట్లు జ్ఞాపకం రావు. ఆ బిషప్పులను క్రూరులని తీసిపారవేయడం తేలిక, కాని సరికాదు. నగరంలో దొంగతనాలు పెరుగుతున్నాయని, ఉరి భయం తీసివేస్తే దుకాణదారుని ఆస్తికి రక్షణ ఉండదని ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో ప్రభువు వాదించారు. సభలో అధిక సంఖ్యాకులు ఆయన పక్షాన నిలిచారు. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1801 జనాభా లెక్కల నాటికి లండన్ జనాభా పది లక్షలకు చేరువైంది. అంత పెద్ద నగరానికి మనకు తెలిసిన అర్థంలో పోలీసు వ్యవస్థ లేదు. పారిష్ కాన్‌స్టేబుళ్లు, రాత్రి కావలివారు ఉండేవారు. దొంగను పట్టుకుని కోర్టుకు ఈడ్చవలసినది సొమ్ము పోగొట్టుకున్నవాడే. దావా ఖర్చులు కూడా సాధారణంగా అతనివే. దారిదోపిడి చేసినవానిని పట్టిచ్చి శిక్ష వేయించినవారికి 1692 చట్టం ప్రకారం 40 పౌన్ల బహుమానం దొరికేది. ఆ బహుమానం కోసం అమాయకులపై నేరం మోపే ముఠాలు బయలుదేరాయి. దొంగలను పట్టిస్తానని పేరు తెచ్చుకున్న జొనాథన్ వైల్డ్ తానే దొంగలముఠా నడిపినవాడని తేలి, 1725లో ఉరి తీయబడ్డాడు.

బో స్ట్రీట్ మేజిస్ట్రేటుగా పనిచేసిన నవలాకారుడు హెన్రీ ఫీల్డింగ్, దోపిడీలు పెరగడానికి కారణాలను విచారిస్తూ 1751లో ఒక పుస్తకం ప్రచురించారు. పేదల విలాసాలు, జిన్ అనే సారాయి, జూదము ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనవి. పేదలను గూర్చి ఆయన మాటలు కఠినమైనవే. అయినా బాధితులు దావా వేయడానికి జంకుతున్నారని, క్షమాభిక్షలు మితిమీరాయని, బహిరంగ ఉరి భయానికి బదులు జాతర పుట్టిస్తున్నదని ఆయన సరిగానే గుర్తించారు. టైబర్న్‌లో ఉరి చూడ వచ్చిన గుంపులోనే జేబుదొంగలు తమ పని చేసుకునేవారు.

పార్లమెంటు మాత్రం శిక్షల జాబితా పెంచుతూ పోయింది. పందొమ్మిదో శతాబ్ది ఆరంభానికి మరణశిక్ష విధించదగిన నేరాలు 200 దాటాయి. ఫలితమేమిటి? ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి కాబట్టి, జూరీవారు ఆ సొత్తు విలువ 39 షిల్లింగులని తీర్పు చెప్పేవారు. ప్రమాణం చేసి కూర్చున్న భక్తిపరులైన మనుషులు, ఒక ప్రాణం కాపాడడానికి, తెలిసి తెలిసి అబద్ధం పలికారు. న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ దానిని భక్తితో కూడిన అబద్ధ ప్రమాణమన్నారు. బాధితుడు, నా ఐదు షిల్లింగుల కోసం ఒక పిల్లవానిని ఉరితీయించాలా అని కోర్టుకే వెళ్లేవాడు కాదు. మరణశిక్ష పడినవారిలో కూడా చాలామంది రాజు దయవలన తప్పించుకుని ఆస్ట్రేలియాకు పంపబడేవారు. దొంగకు ఇదంతా ఒక లాటరీ.

ప్రసంగి 8:11ను ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. కఠిన శిక్షలకు ఆధారంగా కొందరు ఈ వచనాన్ని ఎత్తుతారు. అక్కడ ప్రసంగి ఫిర్యాదు చేసేది శిక్ష తేలికగా ఉన్నదని కాదు, తీర్పు ఆలస్యమవుతున్నదని. ఇటలీ దేశీయుడు బెక్కారియా 1764లో నిశ్చయమైన స్వల్పశిక్ష, తప్పించుకునే ఆశ ఉన్న ఘోరశిక్షకంటె ఎక్కువగా నేరాన్ని అరికడుతుందని వాదించారు. ఆ రెండు మాటలకూ దూరం తక్కువ.

1808లో రోమిలీ ఒక విజయం సాధించారు. జేబుదొంగతనానికి ఉరిశిక్ష రద్దయింది. ఆ తరువాత ఆ నేరంపై కోర్టుకు వచ్చిన కేసులు పెరిగాయి. చూశారా, భయం పోగానే నేరం పెరిగిందని ప్రత్యర్థులు అన్నారు. రోమిలీ జవాబు నేర గణాంకాలు చదివే ప్రతివారూ నేర్చుకోదగినది: పెరిగినది దొంగతనాలు కాదు, ఫిర్యాదులు. ఉరి లేదని తెలిశాక బాధితులు ధైర్యంగా ముందుకు వస్తున్నారు. నమోదైన నేరాల సంఖ్య, జరిగిన నేరాల సంఖ్య ఒకటి కావు. నేటి దినపత్రికలో నగర నేరాలు ఇంత శాతం పెరిగాయని చదివినప్పుడు కూడా ఈ తేడా మరువరాదు. స్త్రీలపై నేరాల విషయంలో కేసులు పెరగడం కొన్నిసార్లు పోలీస్ స్టేషను తలుపు తెరచుకున్నదనే గుర్తు.

విచిత్రమేమంటే, బిషప్పులు వద్దన్న సంస్కరణను వ్యాపారస్తులే అడిగారు. నారబట్టలు చలువచేసే మైదానాల యజమానులు తమ ఆస్తిని కాపాడుతున్న ఉరిచట్టాన్ని తీసివేయమని విన్నవించుకోగా 1811లో అది రద్దయింది. 1830లో 200కు పైగా పట్టణాల బ్యాంకర్లు ఫోర్జరీకి ఉరి వద్దని అర్జీ పెట్టారు. జూరీలు శిక్ష వేయడం లేదు గనుక ఆ చట్టం తమను కాపాడడం లేదని వారి ఫిర్యాదు.

సంఘము ప్రభువుల సభలో మాత్రమే లేదు, చెరసాలలోనూ ఉంది. అక్కడి చిత్రం కూడా ఏకరీతిగా లేదు. న్యూగేట్ చెరసాల చాప్లిన్ చాలాకాలం ఉరి తీయబడినవారి జీవిత కథలు, చివరి ఒప్పుకోలు ముద్రించి అమ్ముకుని ఆదాయం పొందేవాడు. ఉరికి ముందటి ఆరాధనలో శిక్షపడినవారి ఎదుట శవపేటిక పెట్టేవారు. దానిని చూడడానికి బయటి జనం వచ్చేవారు. మరోవైపు వెస్లీ అనుచరుడు, పూర్వం నావికుడైన సైలస్ టోల్డ్ ఏ జీతమూ లేకుండా సంవత్సరాల తరబడి ఖైదీలతో ఉరిబండిలో కూర్చుని టైబర్న్ దాకా వెళ్లేవారు. 1813లో క్వేకరు స్త్రీ ఎలిజబెత్ ఫ్రై అదే న్యూగేట్‌లో స్త్రీలు, పిల్లలు కిక్కిరిసి ఉన్న గదులు చూసి, 1817 నాటికి అక్కడ బడి, కుట్టుపని ఏర్పాటు చేశారు. మరుసటి సంవత్సరం పార్లమెంటు కమిటీ ఎదుట సాక్ష్యమిచ్చారు.

వీరందరికంటె ముందు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జాన్ హోవర్డ్. 1773లో బెడ్‌ఫోర్డ్‌షైర్ షెరీఫుగా ఆయన చూసినది ఉరిశిక్షను కాదు, ఒక లెక్కను. నిర్దోషులని కోర్టు విడుదల చేసినవారు జైలరుకు రుసుము చెల్లించలేక లోపలే ఉండిపోయారు. జైలరుకు జీతమివ్వండి, రుసుము ఎత్తివేయండి అని ఆయన జిల్లా న్యాయాధికారులను అడిగారు. ఇలా మరెక్కడైనా చేశారా అని వారు అడిగారు. పూర్వ ఉదాహరణ వెదకుతూ బయలుదేరిన హోవర్డ్ దేశంలోని చెరసాలలన్నీ చుట్టివచ్చారు. 1774లో నిర్దోషులకు రుసుము రద్దుచేస్తూ చట్టం వచ్చింది.

1829లో రాబర్ట్ పీల్ లండన్‌కు వృత్తి పోలీసులను ఏర్పాటు చేశారు. 1837 నాటికి అనేక నేరాలకు ఉరి రద్దయింది. బిషప్పులు భయపడినట్లు లండన్ దొంగల పాలు కాలేదు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఇంగ్లండు కోర్టులకు వచ్చిన దొంగతనం, హింస కేసులు జనాభాతో పోల్చితే తగ్గాయి. పోలీసులే దానికి కారణమని చెప్పడం తొందరపాటు. జీతాలు, చదువు, పట్టణ జీవితం కూడా మారాయి. ఉరికొయ్యలు తగ్గినందువల్ల నేరం పెరగలేదన్నది మాత్రం స్పష్టం.

ఆ సంస్కరణల వాతావరణంలో, క్లాఫమ్ భక్తుల ఇంట పెరిగిన మెకాలే 1837లో భారత శిక్షాస్మృతి ముసాయిదా సిద్ధం చేశారు. 1862 నుండి 2024 జూన్ వరకు మనలను పాలించిన ఆ చట్టంలో సాధారణ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. శిక్షలో మనం రోమిలీ వారసులమే. నిశ్చయత విషయంలో కాదు. 2022 చివర దేశంలోని ఖైదీలలో సుమారు 76 శాతం విచారణ ముగియనివారు. తీర్పు ఆలస్యమైనప్పుడు జనం దగ్గరి దారి కోరుకుంటారు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ సమీపంలో ఒక ఘోర అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడు పోలీసులపై పూలు చల్లారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలు చల్లినవారిలో, చప్పట్లు కొట్టినవారిలో మన సంఘస్థులు లేరని చెప్పగలమా?

చంచల్‌గూడకో రాజమండ్రి కేంద్ర కారాగారానికో పరిచర్య నిమిత్తం వెళ్లే కాపరులకు హోవర్డ్ చూసినవారు నేడు కూడా కనిపిస్తారు: బెయిలు వచ్చినా జామీను దొరకక ఆగిపోయినవారు. అలాంటివారు వారం దాటితే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఆదేశించింది. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 చట్టం క్రింద ఆ సంస్థ ఉచిత న్యాయవాదిని ఇవ్వవలసి ఉంది.