బొంత చెప్పే చరిత్ర



మన ప్రగతి నగర్ ఫ్లాట్లలో బీరువా నిండగానే పాత చీరల్ని మూటగట్టి ఎవరికో ఇచ్చేస్తుంటాం. ఆ మూటలో చరిత్ర ఉందంటే నవ్వకండి!

పాతబట్టలు కలిపి కుట్టినదాన్ని సంస్కృతంలో ‘కంథ’ అన్నారు. బెంగాలీ స్త్రీలు ఈనాటికీ ఆ పేరుతోనే కుడుతున్నారు. మనకది బొంత. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే కంథల మీద వ్యాసం రాశారు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ పల్లెలో నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పనిబట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం వాటిని, కుట్టినవారి పేర్లతో సహా, గోడలకెక్కించింది. 2006లో తపాలాబిళ్లలూ వచ్చాయి.

మరి మన బొంతలు కుట్టిన చేతుల పేర్లేవీ? పిల్లల్ని పడుకోబెట్టి, మిగిలిన కాస్త పొద్దులో కుట్టినవే కదా అవి!

అంచేత చలికాలం వచ్చేలోగా మీరూ ఒకటి మొదలుపెట్టండి. రంగులు కలిసే నూలు చీరలు మూడు చాలు. ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి చిన్నపూలది. రంగు దిగేదేదో ముందే ఉతికి చూసుకోండి. పొరలు జారకుండా దగ్గర దగ్గరగా కుట్లు వేయండి. చివరికి ఓ మూల మీ పేరూ, సంవత్సరమూ దారంతో కుట్టడం మరవకండి. మన చరిత్ర మనమే రాసుకోవాలి మరి!