హాజరు పట్టీ నుంచి అటెస్టేషన్ ఫారం దాకా

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చినవాళ్ళు నింపే అటెస్టేషన్ ఫారంలో, శిక్ష పడిందా అన్నదానితో ఆగరు, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని కూడా అడుగుతారు. నేరం రుజువు కాకముందే మనిషిని అనుమానించే ఈ అలవాటు ఎక్కడిదని వెదుకుతూ మేం స్టువర్టుపురం దాకా పోవాల్సొచ్చింది.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికొచ్చింది. ఎరుకలవాళ్ళు అంతకుముందు ఉప్పు, ధాన్యం ఊరూరా మోసి అమ్ముకు బతికినోళ్ళు. రైళ్ళొచ్చి, సర్కారు ఉప్పు విధానమొచ్చి ఆ బతుకు పోయింది. ఆ తర్వాత చట్టం వాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకుంది. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులో హాజరు చెప్పుకోవాలి, గడప దాటాలంటే పాసు కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు ఇక్కణ్ణుంచి కూడా పోయారు. కూలి చాలదని మానేసి ఇంకోచోటికి పోదామంటే పాసెవరిస్తారు? అంటే దొంగ ముద్ర పనికి అడ్డం రాలేదు, బేరానికి అడ్డమొచ్చింది. దీన్ని సంస్కరణ అన్నారు!

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న కేసు దాచినా యజమాని చూసీచూడనట్టు పోవచ్చంది. నిజం చెప్పినవాడికి ఉద్యోగమిచ్చి తీరాలని మాత్రం అనలేదు. 2024లో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఉద్యోగపు ఫారంలో సొంతూరి గడి ఉంది. స్టువర్టుపురం పిల్లలు అందులో ఊరి పేరు రాయాల్సిందే.