తెలుగు సినిమా పాట – ‘స్వర్ణయుగ’ భావన: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగువారి జనప్రియ సంగీతంలో అగ్రస్థానం సినిమా పాటది. లలితగీతం, జానపదగీతం, భక్తిగీతం వంటివి దానికి సమాంతరంగా సాగినా, తరతరాల శ్రోతలను ఒక్కచోట చేర్చింది సినిమా పాటే. 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’కు చందాల కేశవదాసు పాటలు రాసిన నాటినుంచి లెక్కిస్తే దీని వయసు తొమ్మిది దశాబ్దాలు దాటింది. ఈ చరిత్రను గురించి సామాన్య శ్రోతలూ విమర్శకులూ కూడా తరచుగా చేసే తీర్మానం ఒకటుంది: 1950, 1960 దశకాలు స్వర్ణయుగం, ఆ తరవాతిదంతా క్రమక్షీణత, నేటి పాట నాటి పాటకు సాటిరాదు. ఈ తీర్మానం ఏ ఆధారాలమీద నిలిచి ఉన్నదో, అందులో నిలిచేది ఎంతో, నిలవనిది ఎంతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

స్వర్ణయుగం ఎదుర్కొన్న విమర్శ

నేడు ప్రమాణంగా చూపుతున్న పాటలను వాటి కాలంలోని పెద్దలందరూ ప్రమాణంగా అంగీకరించలేదు. 1952 నుంచి 1962 వరకు కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి.కేస్కర్ దృష్టిలో సినిమా సంగీతం శ్రోతల అభిరుచిని దిగజార్చేది. ఆయన హయాంలో ఆకాశవాణి సినిమా పాటల ప్రసారాన్ని గణనీయంగా తగ్గించి శాస్త్రీయ, లలిత సంగీతాలకు ప్రాధాన్యమిచ్చింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమైన తరవాతే సినిమా పాటకు ఆకాశవాణిలో తగిన చోటు దక్కింది. ‘మాయాబజార్’ విడుదలైనది అదే సంవత్సరం మార్చిలో. అనగా, ఈనాడు తెలుగు పాటకు శిఖరంగా భావిస్తున్న చిత్రం వెలువడిన నాటికి, దేశపు అధికారిక ప్రసార వ్యవస్థ సినిమా పాటను హీనదృష్టితోనే చూస్తున్నది. ‘కొత్త పాట చెడిపోయింది’ అన్న ఫిర్యాదు కొత్త పాటతో పుట్టినది కాదు. ప్రతి తరం పాటా దానిని ఎదుర్కొన్నదే.

కాలం చేసిన వడపోత

రెండవ అంశం ఎంపికకు సంబంధించినది. నేటి శ్రోత 1951 నాటి పాటలన్నీ వినడు. ‘మల్లీశ్వరి’లో దేవులపల్లి కృష్ణశాస్త్రి రాయగా సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన పాటలను వింటాడు; ‘పాతాళ భైరవి’లోని పింగళి, ఘంటసాలల పాటలను వింటాడు. ఆ సంవత్సరమే వచ్చి మరుగున పడిన పాటలు అతని చెవిని చేరవు. రేడియో, క్యాసెట్టు, టెలివిజన్ పాటల పోటీలు తరం వెంట తరంగా మంచివాటిని ఏరి, తక్కినవాటిని విడిచిపెట్టాయి. నేటి పాటకు ఇంకా ఆ వడపోత జరగలేదు. అందుచేత సాధారణంగా జరుగుతున్నది నాటి ఉత్తమానికీ నేటి మొత్తానికీ మధ్య పోలిక. దీనిని చారిత్రకమైన పోలిక అనలేము.

బాణీ ముందా, మాట ముందా?

క్షీణతావాదులు చూపే ప్రధాన కారణం బాణీకి మాట కట్టే పద్ధతి. పూర్వం కవి రాసిన సాహిత్యానికి వరస కట్టేవారనీ, నేడు సిద్ధంగా ఉన్న బాణీలో మాటలు పొదుగుతున్నారనీ వారి వాదం. ఇది పాక్షిక సత్యం. కె.వి.మహదేవన్ రాసిన పాటకే వరస కట్టడానికి ప్రసిద్ధుడు. ‘మూగ మనసులు’ (1964) నుంచి ‘శంకరాభరణం’ (1980) వరకు ఆ పద్ధతి ఫలితాలు కనిపిస్తాయి. కాని బాణీకి రాయడం స్వర్ణయుగంలోనూ ఉంది. 1950లో వచ్చిన తొలి తెలుగు డబ్బింగు చిత్రం ‘ఆహుతి’కి శ్రీశ్రీ పాటలు రాశాడు. 1953లో హిందీ ‘ఆహ్’ చిత్రం ‘ప్రేమలేఖలు’గా తెలుగులోకి వచ్చినప్పుడు శంకర్–జైకిషన్ బాణీలకు ఆరుద్ర సాహిత్యం సమకూర్చాడు. అక్కడ బాణీతోపాటు నటీనటుల పెదవుల కదలిక కూడా కవికి కట్టుబాటే. అయినా ఆ పాటలు తెలుగు పాటలుగానే నిలిచాయి. మరోవైపు ‘గీతాంజలి’ (1989)లో ఇళయరాజా, వేటూరిల పాటలు మొదటి శ్రేణికి చెందినవన్న విషయంలో భిన్నాభిప్రాయం అరుదు. కనుక క్రమం ఒక్కటే గుణాన్ని నిర్ణయించదు.

నిజమైన మార్పు

ఐతే నష్టమేమీ లేదనడం కూడా పొరపాటే. 78 ఆర్.పి.ఎం. రికార్డులో ఒక వైపుకు పట్టేది సుమారు మూడున్నర నిమిషాలు. పల్లవి, చరణాలు, వాద్యఖండాలు అన్నీ ఆ పరిధిలో ఒదగాలి. గాయకుడు, వాద్యబృందం కలిసి ఒకేసారి రికార్డు చేసే రోజులలో ఒక్కరు తప్పినా అందరూ మళ్లీ మొదలుపెట్టవలసిందే. అందువలన ముందస్తు సాధన అనివార్యమయ్యేది. ఆ సాధనలో గాయకుడికి పాటలోని ప్రతి మాటా పరిచితమయ్యేది. బహుళ ట్రాకుల పద్ధతి వచ్చాక గాయకుడు ఒంటరిగా, ముక్కలుముక్కలుగా పాడే వీలు కలిగింది. శ్రుతిని కంప్యూటరు సరిదిద్దగలదు. ఉచ్చారణను మాత్రం సరిదిద్దలేదు. నేటి పాటలలో మాట లయవాద్యాల కింద అణగిపోవడం, ళకార ణకారాలు, మహాప్రాణాలు పలచబడడం ప్రతిభాలోపం కన్న ఈ ఉత్పత్తి పద్ధతి ఫలితంగానే గుర్తించవలసి ఉంటుంది. పాట సినిమాకంటె ముందే విడిగా విడుదల కావడం వలన సన్నివేశంతో దానికి ఉన్న బంధమూ సడలింది. పాత్ర పలకవలసిన మాటకు బదులు, వెంటనే పట్టుబడే పదబంధానికి విలువ పెరిగింది. స్వర్ణయుగవాదంలో నిలిచే భాగం ఇదే.

చేరిన సంపద

నష్టాన్ని లెక్కించినట్లే లాభాన్నీ లెక్కించాలి. 1950 దశకపు పాటల భాష చాలావరకు గ్రాంథిక సంస్కారం గల కావ్యభాష, లేదా కోస్తా ప్రాంతపు శిష్టభాష. తెలంగాణ పలుకుబడికి అందులో చోటు అత్యల్పం. ‘శంకరాభరణం’ విడుదలైన 1980లోనే ‘మా భూమి’ కూడా విడుదలై, గద్దర్ గొంతుతో పోరాటపు పాటను తెరమీదికి తెచ్చింది. ఒకే సంవత్సరంలో శాస్త్రీయ సంప్రదాయ వైభవం, ప్రజల బాణీ పక్కపక్కన నిలిచాయి. ఆ రెండవ పాయ తరవాత సుద్దాల అశోక్ తేజ, గోరటి వెంకన్న, కాసర్ల శ్యామ్ వంటివారి ద్వారా విస్తరించింది. ‘బలగం’ (2023) పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ పురస్కారం పొందడం ఈ ప్రస్థానంలో ఒక మజిలీ. సుశ్రావ్యతను మాత్రమే కొలమానంగా తీసుకుంటే ఈ విస్తృతి లెక్కకు రాదు. ‘పాట బాగుండేది’ అన్నప్పుడు ఎవరి భాషలో, ఎవరి జీవితాన్ని గురించి అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది.

ముగింపు

నేటి పాట నాటి పాటకు సాటివస్తుందా అన్న ప్రశ్నకు దశాబ్దాల వారీగా తీర్పు చెప్పడం సాధ్యం కాదు. మాట స్పష్టతలో, సన్నివేశ బద్ధతలో నాటి పాట మిన్న. భాషా వైవిధ్యంలో, సామాజిక వ్యాప్తిలో నేటి పాట మిన్న. ఇంతకన్న నిశ్చితంగా చెప్పాలంటే వడపోతకు ముందున్న మొత్తం సామగ్రి కావాలి. అందుకు ఒక దారి ఉంది. సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలలో ఆ చిత్రంలోని మంచి పాటలతోపాటు మరచిపోయిన పాటలూ అచ్చయ్యాయి. జ్ఞాపకం విడిచిపెట్టినవాటిని అవి భద్రపరచాయి. నేటి లిరికల్ వీడియోలు కూడా అటువంటి ఆకరాలే. నాసిరకం కాగితం మీద అచ్చయిన ఆ పాటల పుస్తకాలు వ్యక్తుల ఇళ్లలో శిథిలమవుతున్నాయి. వాటిని సేకరించి, సంవత్సరాల వారీగా పట్టికలు కట్టి, ఛందస్సు, పదజాలం, మాండలికం దృష్ట్యా పరిశీలించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. అది జరిగేవరకు ‘స్వర్ణయుగం’ అన్నది చరిత్ర నిర్ధారించిన విషయం కాదు, శ్రోతల ఆత్మీయ స్మృతి మాత్రమే.