విమానపు ఫ్లాపులు: రెండు రెక్కలకు ఒకే కదలిక

విమానమును గాలిలోనికి లేపుట ఎంత కష్టమో, క్షేమముగా నేలకు దించుటయు అంత కష్టము. రెక్కల పైకెత్తు బలము వేగముయొక్క వర్గమును అనుసరించి మారును. తక్కిన పరిస్థితులు మారక వేగము సగమైనచో ఈ బలము నాలుగవ వంతగును. కాని వేగము తగ్గనిదే చిన్న మైదానమున దిగుట అపాయము. ఈ చిక్కును విడదీసినది ఫ్లాపు.

ఫ్లాపు అనగా రెక్క వెనుక అంచున అమర్చిన కదిలెడు పలక. దానిని క్రిందికి వంచినచో తక్కువ వేగముననే చాలినంత బలము లభించును. గాలి నిరోధము కూడ పెరుగుటచే విమానము నిటారుగా దిగగలుగును. 1920లో ఓర్విల్ రైట్, జేమ్స్ జాకబ్స్ అనువారలు చీలిక ఫ్లాపును రూపొందించిరి. 1929లో అమెరికాలో జరిగిన గుగెన్‌హైమ్ సురక్షిత విమాన పోటీలో, గంటకు 35 మైళ్ళ వేగముననైనను విమానము నిలకడగా ఎగురవలెనని నియమము పెట్టిరి. ఫ్లాపులు గల కర్టిస్ టానేజర్ లక్ష డాలర్ల బహుమతిని గెలుచుకొనెను.

తరువాత ఫ్లాపులు చిన్న విమానములకును వచ్చినవి. సెస్నా 172లో మొదట పైలట్ చేతిమీటతో వాటిని కదపెడివాడు. 1965 నమూనాలో విద్యుత్ మోటారు వచ్చెను. శ్రమ తగ్గెను, కాని మోటారు, స్విచ్చి, తీగ అను వాటిలో ఏది చెడినను ఫ్లాపు కదలదు.

దిగు సమయమున రెండు ఫ్లాపులును కదలనిచో భయపడనక్కరలేదు. కొంత ఎక్కువ వేగముతో, పొడవైన రన్‌వేపై దిగవచ్చును. అయితే వేగము నూటికి 10 వంతులు పెరిగినచో, ఆపవలసిన గతిశక్తి 21 వంతులు పెరుగునని విద్యార్థులు లెక్కించి చూడవచ్చును.

ఒక ఫ్లాపు దిగి, రెండవది దిగనిచో ప్రమాదము వేరు. దిగిన ఫ్లాపు గల రెక్క పైకి లేచును. విమానము రెండవవైపునకు దొర్లబోవును. నేల దగ్గర దీనిని సరిదిద్దుటకు ఎత్తు గాని, సమయము గాని చాలదు. కనుక ఫ్లాపును కదపగనే విమానము ఒరిగినచో, దానిని వెంటనే మునుపటి స్థితికి మరల్చుట మంచిది.

ఈ ముప్పు నెరిగియే నిర్మాతలు రెండు ఫ్లాపులను జతపరచిరి. పైపర్ చెరోకీలో ఒకే అడ్డగొట్టము రెండింటిని త్రిప్పును. సెస్నాలో తీగత్రాళ్ళు వాటిని కలుపును. 1965లో అమలులోనికి వచ్చిన అమెరికా నియమములును ఈ యాంత్రిక బంధమునే కోరెను. లేనిచో ఒక ఫ్లాపు మాత్రమే దిగినను విమానము క్షేమముగా ఎగురునని నిరూపింపవలెను. బలము ఎంత పెరిగినను, అది రెండు రెక్కలకును సమముగా ఉండవలెనన్నదే ఈ చరిత్ర నేర్పిన పాఠము.